కుంగుబాటు రోగిని ఏ రోజుల్లో కనిపెట్టి ఉండాలి?

ప్రశ్న: మావారికి నలభై ఆరేళ్లు. కిరాణా కొట్టు ఉంది. మూడు నెలలుగా సరిగా నిద్ర లేదు, తిండి లేదు, ఎవరితోనూ మాట్లాడరు. పన్నెండు రోజుల క్రితం మానసిక వైద్యునికి చూపిస్తే డిప్రెషన్ అని చెప్పి మాత్రలు రాశారు. రెండు రోజుల నుంచి మనిషి తేటగా కనిపిస్తున్నారు. నిన్న మా అబ్బాయిని కూర్చోబెట్టుకుని బాకీల లెక్కలన్నీ చెప్పి, బీరువా తాళాలు చేతికిచ్చారు. ఇక తగ్గిపోయింది, ఆ మాత్రలు వేడి చేస్తాయి, మానెయ్యమని మా అత్తగారు అంటున్నారు. నాకు మాత్రం గుండెల్లో గుబులుగా ఉంది. చచ్చిపోవాలని ఉందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినదాన్నవుతానేమో! ఏం చెయ్యమంటారు?
- ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ గుబులును తేలికగా తీసుకోకూడదు. ఇటువంటి సంగతి పత్రికలో జవాబు వచ్చేదాకా ఆగేది కాదు గనుక, ఉత్తరం అందిన రోజునే మీకు ఫోను చేసి, ఆయనను వెంటనే డాక్టరు వద్దకు తీసుకువెళ్లమని చెప్పాను. ఇదే సందేహం చాలా ఇళ్లలో ఉంటుంది కాబట్టి, అందరి కోసం ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

కుంగుబాటు జబ్బు వచ్చిన వారందరూ ప్రాణం తీసుకోరు. అత్యధికులు వైద్యంతో కోలుకుని, మునుపటిలా పనిపాటలు చేసుకుంటారు. అయితే ప్రమాదం అన్ని రోజుల్లోనూ ఒకే తీరుగా ఉండదు. ఏ రోజుల్లో హెచ్చుగా ఉంటుందో తెలుసుకుంటే ప్రాణం నిలబెట్టవచ్చు.

మంచానికి అతుక్కుపోయిన రోజుల్లోనే భయమని, లేచి తిరుగుతుంటే గండం గడిచినట్టేనని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. జబ్బు ముదిరినప్పుడు పళ్లు తోముకోవడానికి కూడా ఓపిక ఉండదు. మందు పని చెయ్యడం మొదలుపెట్టాక తరచు నిద్ర, ఆకలి, ఓపిక ముందు తేరుకుంటాయి. మనసులోని నిరాశ తొలగడానికి ఇంకా కొన్ని వారాలు పడుతుంది. ఒంట్లో సత్తువ వచ్చి, మనసులో ఆశ ఇంకా రాని ఈ నడిమి రోజుల్లో రోగిని కనిపెట్టి ఉండాలి. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన తరువాతి మొదటి కొద్ది వారాలు కూడా ఇలాంటివే.

ఇక హఠాత్తుగా వచ్చే ప్రశాంతత. మందు వల్ల వచ్చే మార్పు మెల్లమెల్లగా, ఒక రోజు బాగుండి ఒక రోజు బాగుండకుండా వస్తుంది. నిన్నటిదాకా కుమిలిపోయిన మనిషి ఒక్కసారిగా నెమ్మదించి, లెక్కలు తేల్చి, తాళాలు అప్పగించి, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతుంటే, లోపల ఏదో నిర్ణయం జరిగిందేమోనని అనుమానించాలి. లోగడ ఒకసారి ప్రయత్నం చేసి ఉండడం, తాగుడు, రాత్రంతా నిద్ర లేక అటూ ఇటూ తిరగడం, "నేను లేకపోతే మీరంతా సుఖపడతారు" వంటి మాటలు, ఇవన్నీ ప్రమాద సూచనలే. మగవాడు కదా, తట్టుకుంటాడులే అని ఊరుకోవద్దు. 2022లో మన దేశంలో ఆత్మహత్యలు 1,70,924 నమోదయ్యాయి. వారిలో పదిమందికి సుమారు ఏడుగురు మగవారే.

అడగవచ్చునా?

తప్పక అడగాలి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. లోపల ఉన్న ఆలోచనను బయటపెట్టుకునే వీలు దొరికి, రోగికి కొంత బరువు దిగుతుంది. ఇద్దరే ఉన్నప్పుడు కూర్చుని, "ఏమండీ, ఇంత బాధలో ఉన్నవారికి చచ్చిపోతే బాగుండుననిపిస్తుందట. మీకూ అలా అనిపిస్తోందా?" అని నెమ్మదిగా అడగండి. అవునంటే ఏడవవద్దు, కోప్పడవద్దు. పిల్లల మీద ఒట్టు వేయించుకుని ఊరుకోవద్దు. జబ్బు ఆ ఒట్టును లెక్కచెయ్యదు. "నీకేం తక్కువ?" అంటే, తన తప్పు వల్లే అందరూ బాధపడుతున్నారని రోగి మరింత కుంగిపోతాడు. ఎలా, ఎప్పుడు అని కూడా ఆలోచించుకుని ఉన్నట్టు తెలిస్తే, ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకువెళ్లాలి.

ఇంట్లో జాగ్రత్తలు

చావాలన్న ఉద్ధృతి చాలామందిలో కొద్ది గంటల్లో, ఒక్కోసారి నిమిషాల్లోనే తగ్గుతుంది. ఆ సమయంలో ప్రమాదకరమైన వస్తువు చేతికి అందకపోతే మనిషి దక్కుతాడు. శ్రీలంకలో అతి విషపూరితమైన పురుగుమందులను 1995 నుంచి నిషేధిస్తూ వచ్చాక, పదేళ్లలో ఆత్మహత్యల రేటు సగానికి పడిపోయింది. అందుచేత పురుగుమందుల వంటివి ఇంట్లోనూ కొట్టులోనూ లేకుండా చూడండి. మాత్రలన్నీ మీ వద్దనే ఉంచుకుని, ఏ పూటవి ఆ పూట ఇచ్చి, మింగేదాకా చూడండి. ఒకసారి వారానికి సరిపడా మాత్రమే ఇమ్మని డాక్టరును అడగండి.

మాత్రలు మీ అంతట మీరు మానిపించవద్దు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, బాగా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. బాగైన తరువాత కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. పాతికేళ్ల లోపు వారిలో మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో అలజడి, చావు ఆలోచనలు పెరగవచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో పిల్లల విషయంలోనూ, 2007లో యువకుల విషయంలోనూ హెచ్చరించింది. అలా కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఆయన మోతాదు సరిచేస్తారు, అవసరమైతే మందు మారుస్తారు. పరిస్థితి మరీ విషమంగా ఉంటే కరెంటు వైద్యం ప్రాణం కాపాడుతుంది. దాన్ని మత్తు ఇచ్చే చేస్తారు, భయపడనక్కరలేదు.

పోలీసు కేసు అవుతుందని దాచేవారున్నారు. 2018 మే 29 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, ప్రయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించి చికిత్స, సంరక్షణ అందేలా ప్రభుత్వమే చూడాలి. కాబట్టి ఎవరైనా ఏదైనా మింగారని తెలిస్తే నాటు వైద్యాలతో కాలయాపన చెయ్యక 108కి ఫోను చెయ్యండి.

సలహా కోసం ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. రాత్రింబవళ్లు ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రభుత్వ వైద్య కళాశాలల ఆస్పత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. హైదరాబాదు ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రత్యేక ఆస్పత్రులున్నాయి. మానసిక వైద్యుడు దగ్గరలో లేకపోతే మీ ఊరి ఆస్పత్రిలో ఏ డాక్టరు ఉంటే ఆ డాక్టరుకే ముందు చెప్పండి. రోగి "ఇక నాకు బాగానే ఉంది" అన్నా సరే, డాక్టరు రమ్మన్న తేదీకి మీలో ఒకరు వెంట వెళ్లండి. ఇంట్లో మీరు గమనించిన మార్పులన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఆయనకు చూపించండి.