రెండు పడవలు, ఒక తెప్ప

రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు నీళ్ళలో పడతాడని పెద్దలు చెబుతారు. మెట్ట ప్రాంతాలవారికి అది సామెత మాత్రమే. చుట్టూ సముద్రమే అయిన అండమాను దీవులలో అది కళ్ళారా చూసిన సంగతి. కనుక మా లంబాలైన్‌లో ఒక తండ్రి తన కుమార్తెతో ఆ మాట అన్నప్పుడు దానికి మామూలు కంటె ఎక్కువ బరువే ఉన్నది.

లంబాలైన్ ఎక్కడని పాఠకులు అడగవచ్చు. ఒకప్పటి పోర్ట్ బ్లెయిర్, 2024 సెప్టెంబరు నుండి శ్రీ విజయపురంగా పేరు మార్చుకున్న పట్టణంలో, విమానాశ్రయం ఉన్న పేట ఇది. 2023 జూలై 18న ప్రారంభమైన గవ్వ ఆకారపు కొత్త భవనాన్ని చూసి యాత్రికులు ముచ్చటపడతారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల జనం 3,80,581 మంది. వారిలో నూటికి సుమారు పదముగ్గురి మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి వలలు భుజాన వేసుకుని వచ్చిన కుటుంబాలు వారిలో ఎన్నో ఉన్నాయి. అటువంటి ఒక ఇంటి బిడ్డే నేను చెప్పబోయే అమ్మాయి.

ఆమె హైదరాబాదులో సైబర్ భద్రతలో ఎం.టెక్. చదువుతున్నది. చదువుకు అప్పు తెచ్చారు. మొదటి సంవత్సరం ముగించి సెలవులకు వచ్చిన ఆమె, తిరిగి వెళ్ళేలోగా పరిశోధనాంశాన్ని నిర్ణయించుకోవాలి. బుద్ధి రహస్యలిపి గణితం వైపు నడుస్తుంటే, మనసు రూపకల్పన వైపు, అనగా లోకం డిజైన్ అని పిలిచే విద్య వైపు లాగుతున్నది. చిన్ననాటి నుండి ఆమె నోటుపుస్తకాల అంచులనిండా బొమ్మలే. "రెండింటికీ పొత్తు కుదురుతుందా, బాబాయ్ గారూ? లేక నాన్నగారన్నట్లు ఒకటి వదులుకోవలసిందేనా?" అని నన్ను అడిగింది.

నేను చదివినది ఆంగ్ల సాహిత్యం, చేసేది అనువాదం. ఈ రెండు విద్యలలో దేనిలోనూ నాకు ప్రవేశం లేదు. అయినా ఆ ప్రశ్న నుండి తప్పించుకునే వీలు నాకు లేకపోయింది. అందుకు కారణం వాళ్ళ నాయనమ్మ.

2020 ఆగస్టు 10న చెన్నై నుండి ఈ దీవులకు సముద్రగర్భపు తీగ ప్రారంభమైంది. సుమారు 2,300 కిలోమీటర్ల ఆ తీగతో మాకు వేగవంతమైన ఇంటర్నెట్ వచ్చింది. చేపల బుట్ట ముందు కూర్చునే ముసలమ్మ చేతికి కూడా ఫోనులో డబ్బు రావటం మొదలైంది. దొంగలు కూడా ఆ దారినే వచ్చారు. కొన్నేళ్ళ క్రితం ఎవడో ఫోను చేసి, హోటలుకు చేపలు కావాలనీ, బయానా పంపుతున్నాననీ, డబ్బు అందుకోవటానికి పిన్ నంబరు నొక్కమనీ ఆ నాయనమ్మతో చెప్పాడు. ఆమె నొక్కింది. రాలేదన్నాడు, మళ్ళీ నొక్కింది. ఏడు మార్లు, మారుకు రెండు వేల చొప్పున, పడవ ఇంజను బాగుచేయించటానికి దాచిన పద్నాలుగు వేలు పోయాయి.

ఇందులో నా పాత్ర కూడా ఉన్నది. అంతకు కొద్ది నెలల ముందే ఒక సంస్థ ఇటువంటి మోసాలను గురించి అచ్చువేసిన హెచ్చరిక పత్రాన్ని తెలుగులోకి అనువదించింది నేనే. మూలంలోని ఏ పదాన్నీ వదలలేదు. "అనధికార లావాదేవీల ప్రామాణీకరణకు సంబంధించిన గోప్య సంఖ్యను" అంటూ సాగే ఆ వాక్యాలకు నాలో నేను గర్వపడ్డాను కూడా. డబ్బు పోయిన మర్నాడు పలకరించటానికి వెళితే, ఆ ముసలమ్మ బియ్యం డబ్బా అడుగునుండి మడత పెట్టిన ఆ పత్రాన్నే తీసింది. "కాయితం ఇంట్లోనే ఉన్నాది బాబూ. మనవరాలి సేత సదివించుకున్నాను. అది మనకి సెప్పినట్టు నేదు" అన్నది. నా ఇరవయ్యేళ్ళ వృత్తిలో ఇంతకంటె సూటి విమర్శ నేను వినలేదు.

అమ్మాయి ప్రశ్న ఆ మాటలోనే పుట్టింది. పిన్ నంబరు దొంగ చేతికి చిక్కలేదు. రహస్యలిపి ఎక్కడా విఫలం కాలేదు. ముసలమ్మ తన చేతులతోనే తలుపు తీసింది. ఎందుకంటే ఇచ్చే తలుపూ, పుచ్చుకునే తలుపూ ఆమె కంటికి ఒకే పోలికలో కనిపించాయి.

ఈ పోలిక ప్రమాదం యంత్రాలకు కొత్త కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బి-17 బాంబరు విమానాలు క్షేమంగా నేలకు దిగిన తరువాత, చక్రాలు ముడుచుకుపోయి బోర్లపడుతుండేవి. పైలట్ల అజాగ్రత్త అని అధికారులు భావించారు. ఆల్ఫాన్స్ చపానిస్ అనే యువ మనస్తత్వవేత్త విమానంలో కూర్చుని చూశాడు. చక్రాల మీట, రెక్కల ఫ్లాపుల మీట దగ్గర దగ్గరగా, ఒకే రీతిగా ఉన్నాయి. ఒకదాని కొసకు చిన్న చక్రాన్నీ, రెండవదానికి మేకువంటి బిళ్ళనూ బిగించమన్నాడు. చీకటిలో కూడా చేతికి తేడా తెలిసిపోయింది. నేడు మా పేట మీదుగా దిగే విమానాలలోనూ చక్రాల మీటకు ఆ చక్రపు ఆకారమే ఉంటుంది.

రహస్యలిపి శాస్త్రానికి కూడా ఈ సంగతి తెలియనిది కాదు. 1883లో ఆగస్ట్ కెర్క్‌హాఫ్స్ సైనిక రహస్యలిపికి ఆరు నియమాలు చెప్పాడు. పద్ధతి శత్రువుకు తెలిసిపోయినా నష్టం రాకూడదన్న నియమాన్ని అందరూ గుర్తుపెట్టుకున్నారు. లిపి వాడుకకు సులువుగా ఉండాలనీ, మనసుకు శ్రమ కలిగించరాదనీ చెప్పిన ఆరవ నియమాన్ని చాలామంది మరిచారు. ఆయన వృత్తిరీత్యా భాషలు బోధించే ఉపాధ్యాయుడన్నది నాకు కొంత ధైర్యాన్ని ఇచ్చిన విషయం.

అమ్మాయి అడిగిన ప్రశ్నకు అతి సమీపమైన నిదర్శనం 1999 నాటిది. ఆల్మా విట్టెన్ అనే అమెరికా పరిశోధక విద్యార్థిని, జె. డి. టైగర్ అనే ఆచార్యునితో కలిసి ఒక ప్రయోగం చేసింది. ఉత్తరాలను రహస్యలిపిలోకి మార్చే పి.జి.పి. 5.0 అనే కార్యక్రమాన్ని పన్నెండుమందికి ఇచ్చి, తొంభై నిమిషాల వ్యవధి ఇచ్చారు. పని సక్రమంగా పూర్తి చేసినవారు మూడవవంతు మాత్రమే. ముగ్గురు రహస్యాన్ని పొరపాటున యథాతథంగా పంపివేశారు. గణితంలో లోపం లేదు. తెర మీది బొమ్మలు కూడా చూడచక్కనివే. లోపమంతా ఆ రెంటి మధ్యనే ఉన్నది. ఆ మధ్యస్థలాన్నే తన పరిశోధనా క్షేత్రంగా ఎంచుకున్న విట్టెన్, 2010లో గూగుల్ సంస్థలో వ్యక్తిగత గోప్యత వ్యవహారాలకు అధిపతి అయినది.

అదే మార్గంలో లోరీ క్రేనర్ అనే ఆచార్యురాలు, వాడుకకు అనువైన భద్రత గురించి 2005లో ఒక వార్షిక సదస్సును నెలకొల్పింది. తరువాత ఒక విరామ సంవత్సరాన్ని కళాకారుల మధ్య గడిపి, దొంగల పాలైన పాస్‌వర్డ్‌లలో జనం ఎక్కువగా వాడినవాటిని అచ్చువేసిన బట్టతో ఒక బొంత కుట్టింది. ఇది వినగానే నాయనమ్మ నవ్వి, "సదువుకున్నోళ్ళు కూడా బొంతలు కుడతారేటి?" అన్నది.

పొరపాటును ఒప్పుకున్న పెద్దలూ ఉన్నారు. పాస్‌వర్డ్‌లో అంకెలు, గుర్తులు కలపాలనీ, తరచు మార్చుతూ ఉండాలనీ 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ కోసం మార్గదర్శకాలు రచించిన బిల్ బర్, ఆ సలహాలలో చాలావాటికి విచారిస్తున్నానని 2017లో చెప్పాడు. ఆ ఏడే ఆ సంస్థ వాటిని సవరించింది. మనిషి జ్ఞాపకశక్తిని లెక్కలోకి తీసుకోని కట్టుబాటు, మనిషి చేత కాగితం మీద పాస్‌వర్డ్ రాయిస్తుంది.

మన దేశంలోనూ ఒక ఉదాహరణ ఉన్నది. డబ్బు పంపమని ఒక వ్యక్తి మరొక వ్యక్తిని ఫోనులో కోరే యు.పి.ఐ. ఏర్పాటును 2025 అక్టోబరు 1 నుండి తొలగించారు. నాయనమ్మను ముంచిన తలుపు అదే. నావంటివారు అనువదించిన హెచ్చరికలు మూయలేని ఆ తలుపును వ్యవస్థ రూపాన్ని మార్చటం మూసింది.

ఇదంతా విని, చేతిలో కుంచె ఉంటే చాలునని యువ పాఠకులు పొరబడరాదు. ఉద్యోగమిచ్చేవారు నేటికీ ఏదో ఒక పేరు కింద దరఖాస్తు అడుగుతారు. ఎం.టెక్.కు గేట్, ఎం.డిజైన్‌కు సీడ్ అని ప్రవేశపరీక్షలు సైతం వేరువేరు. ఒక విద్యలో వేరు లోతుగా దిగకపోతే రెండవదాని కొమ్మ నిలువదు. దాడి ఎలా జరుగుతుందో తెలియని రూపకర్త దొంగకు కూడా సులువైన తలుపునే గీయగలడు. కాబట్టి చదువుతున్నది వదలి రెండవదాని వెంట పరుగెత్తమని నేను చెప్పలేదు. చేతిలో ఉన్న చదువుతోనే రెండవదాని పని ఒకటి, చిన్నదైనా సరే, చివరిదాకా చేసి చూడమన్నాను. ఇష్టమో, ముచ్చటో పని మధ్యలోనే తేలుతుంది.

"అయితే మీ పత్రంతోనే మొదలుపెడతాను, బాబాయ్ గారూ" అన్నది. కాదనే అర్హత నాకు లేదు.

నా నలభై వాక్యాలను ఆమె మూడు చేసింది. మొదటిది: "డబ్బు రావటానికి నంబరు నొక్కక్కరలేదు. నొక్కితే పోతుంది." రెండవది, మోసపోయిన వెంటనే 1930కి ఫోను చేయమని. మూడవది, ఇంటిలో ఒకరికైనా చెప్పమని. పక్కన చేతి నుండి బయటికి పోతున్న నోటు బొమ్మ. దానిని చేపల బజారులో అయిదుగురికి చూపింది. ఇద్దరు ఆ బొమ్మను చూసి డబ్బు వస్తున్నదనుకున్నారు. ఆ సాయంత్రం ఆమె ముఖం చిన్నబోయింది. మర్నాడు తెల్లవారుజామునే లేచి బొమ్మ మార్చింది. మూడవసారికి అయిదుగురూ సరిగానే చెప్పారు. అయిదుగురి మాట శాస్త్రం కాదని తానే అన్నది. ఎక్కువమందితో, సరియైన పద్ధతిలో పరీక్షించటాన్నే పరిశోధనాంశంగా రాసుకుని ఓడ ఎక్కింది. ఆమె గురువు అంగీకరించాలి, అప్పు తీరాలి, ఉద్యోగం దొరకాలి. ఇవేవీ నేను హామీ ఇవ్వగలిగినవి కావు.

రేవులో తండ్రి నా పక్కనే నిలబడి ఉన్నాడు. "రెండు పడవలు వద్దన్నాను గానీ, మా తాత సోంపేట దగ్గర వేటకి పోయినది పడవ మీద కాదండి, తెప్ప మీద. అది దుంగలు కలిపి కట్టినదే" అన్నాడు. కొంచెం ఆగి, "కట్టు గట్టిగా ఉండాల" అని కూడా అన్నాడు.