కువైటు నగరము: ఎడారి రాజధానియు ఉద్దానపు కూలివాడును

గల్ఫు అను మాట తెలియని యిల్లు నేడు ఉద్దానమున అరుదు. ఇచ్ఛాపురము మొదలు టెక్కలి వరకు గల పల్లెలనుండి పడుచువాండ్రు వెల్డరులుగను, ఫిట్టరులుగను, కూలీలుగను సముద్రము దాటి పోవుచున్నారు. పోవువాడు జీతమెంతయో అడిగి తెలిసికొనును. తల్లి వాడెప్పుడు మరలి వచ్చునో అడుగును. అప్పిచ్చినవాడు వాయిదా అడుగును. ఆ నగరమును పాలించువారెవరు, దాని ధనమునకు మూలమేమి, అచ్చట త్రాగునీరెట్లు లభించును, అచ్చటి చట్టము పరదేశి కూలివానిని ఎంతవరకు మనుష్యునిగా నెంచును అను ప్రశ్నలు మాత్రము మన పఠనమందిరములలో సైతము వినబడుట లేదు. గల్ఫు రాజధానులలో మనకు మిక్కిలి పాతచుట్టము కువైటు. నీటి విషయమునను, నిధి విషయమునను ఆ నగరము మనకు పాఠము నేర్పగలదు. తన కష్టజీవులను చూచుకొనుట యందు మాత్రము అది అనుసరింపదగినది కాదు. ఈ రెండింటిని వేరుచేసి చూడవలెనని మా కోరిక.

కువైటు చమురుతో పుట్టిన ఊరు కాదు. 18వ శతాబ్దమున ఎడారినుండి వచ్చిన తెగలు సముద్రపుటంచున కట్టుకొన్న చిన్న రేవు అది. దాని ఓడలకు టేకు కలప మలబారునుండి పోయెడిది. దాని ముత్యములు బొంబాయి బజారునకు వచ్చెడివి. 1899 నాటి ఒడంబడికచే ఆ రేవు ఆంగ్లేయుల నీడలోనికి పోయిన తరువాత దానిపై కన్ను వేసి యుంచిన అధికారులు భారతదేశపు ఆంగ్ల ప్రభుత్వమునకే జవాబుదారులై యుండిరి. 1961 వరకు అచ్చట చెలామణి యయినది రూపాయియే. కడపటి రెండేండ్లు మాత్రము గల్ఫు కొరకు మన రిజర్వుబ్యాంకు ప్రత్యేకముగా ముద్రించి యిచ్చిన రూపాయి నడచెను. దీనారము పుట్టిననాడు పదమూడు రూపాయల చిల్లరకు ఒక దీనారము వచ్చెడిది. నేడు దాని వెల 250 రూపాయలకు పైమాట. మన పడుచువాండ్ర ప్రయాణమునకు కారణము సగము ఈ ఒక్క లెక్కలోనే కనబడుచున్నది.

ముత్యముల కాలమున నీట మునిగి చిప్పలు తెచ్చువాడు ఓడ నాయకుని యొద్ద ముందుగా సొమ్ము తీసికొనెడివాడు. ఆ ఋణము తీరువరకు ఆ యోడను విడిచి వేరొక యోడ నెక్కుట వాని తరము కాదు. 1930 తరువాత జపానువారి పెంపుడు ముత్యములు వచ్చి ఆ వర్తకమును కూల్చినవి. అప్పుచే కట్టువడిన కూలివాని కథ ఆ రేవున చమురుకంటె పాతదని మనవారు గుర్తుంచుకొనవలెను.

ఇక నీటి మాట. కువైటు దేశమున నది యొక్కటియు లేదు. ఏడాదికి కురియు వాన సుమారు 110 మిల్లీమీటర్లు. మన శ్రీకాకుళము జిల్లాలో కురియునది వేయి మిల్లీమీటర్లకు పైబడును. వేసవిలో ఎండ 50 డిగ్రీలు దాటుట అచ్చట వింత కాదు. 2016 జూలైలో మిత్రిబా అను చోట 53.9 డిగ్రీలు నమోదయ్యెను. ఊరి బావులు చాలకపోగా షట్ అల్ అరబ్ నదినుండి ఓడలలో నీరు తెచ్చి, తిత్తులలో పోసి, గాడిదలపై వేసి యింటింటికి అమ్మెడివారు. గాలి తిరిగి ఓడలు ఆలస్యమైనచో ఊరివారికి దాహమే. 1939లో ఈ నీటి రవాణాకై ఒక కంపెనీ ఏర్పడెను. 1953లో ప్రభుత్వము సముద్రపు నీటిని మరిగించి మంచినీరు దింపు కర్మాగారమును నెలకొల్పెను. దాని శక్తి దినమునకు 10 లక్షల గ్యాలనులు. తరువాత కట్టిన కర్మాగారములలో విద్యుచ్ఛక్తిని పుట్టించిన ఆవిరినే మరల నీటి పనికి వినియోగించిరి. ఒకే పొయ్యిమీద రెండు వంటలు. 1979లో తెరచిన కువైటు గోపురములను చిత్రములలో చూచి అవి విలాసమునకు కట్టినవని మనవారనుకొందురు. వానిలో పెద్దవి రెండును నీటి నిలువకు కట్టినవి! తమ రాజధానికి గుర్తుగా ఒక నీళ్లట్యాంకును నిలుపుకొన్న ఆ పట్టణవాసుల వివేకమును మెచ్చుకొనకుండుటెట్లు?

ఉద్యానవనమను మాటయే ఉద్దానమయ్యెనని మన పెద్దలందురు. కొబ్బరి, జీడి, పనస దట్టముగా పెరుగు నేల ఇది. ఇట్టి నేలపై వేలకొలది జనులు మూత్రపిండముల వ్యాధికి లోనైరి. ఆ వ్యాధికి నీరే కారణమని శాస్త్రజ్ఞులు నేటికిని తేల్చలేదు. ఎండలో శ్రమ మొదలైన ఇతర హేతువులను గూడ వారు విచారించుచున్నారు. జనులకు మాత్రము తమ బావి నీటిపై నమ్మకము సడలినది. హిరమండలమునుండి వంశధార నీటిని గొట్టములద్వారా ఉద్దానపు మండలములకు తెచ్చు పథకము 700 కోట్ల రూపాయల వ్యయముతో 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యెను. ఆనాడే పలాసలో 200 పడకల ఆసుపత్రియు పరిశోధనా కేంద్రమును తెరువబడెను. పని మంచిది, చేసినవారిని మెచ్చుకొందము. కాని అప్పటికి ఈ వ్యాధి పత్రికల కెక్కి రెండు దశాబ్దములు దాటినది. కువైటువారికి చమురు కలదు, మనకు లేదు గదా యని కొందరు సమాధానము చెప్పుదురు. వారు తేదీలు చూడవలెను. నీటి కంపెనీ ఏర్పడినది 1939లో. మొదటి చమురు ఓడ రేవు విడిచినది 1946లో.

చమురు బుర్గాను అను చోట 1938లో పడెను. యుద్ధము వలన ఎనిమిదేండ్లు భూమిలోనే యుండెను. సొమ్ము రాదొడగిన కొలది యేండ్లకే, 1953లో, మిగులు ధనమును పెట్టుబడి పెట్టుటకై లండనులో ఒక మండలిని ఏర్పరచిరి. 1975లో చమురు వ్యాపారమును విదేశీ కంపెనీలనుండి తమ వశము చేసికొనిరి. 1976లో చట్టముచేసి, ప్రభుత్వాదాయమున నూటికి 10 వంతులు రాబోవు తరముల నిధికి వేయ నారంభించిరి. 1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు నగరము నాక్రమించినపుడు ఇట్లు బయట కూడబెట్టిన సొమ్మే ప్రవాసమందున్న ప్రభుత్వమును పోషించెను. ఆ సమయముననే లక్షా డెబ్బది వేలకు పైగా భారతీయులను విమానములలో స్వదేశమునకు చేర్చవలసి వచ్చెను. కష్టార్జితమును విడిచి కట్టుబట్టలతో వచ్చిన తెలుగువారు వారిలో కలరు. వారికి ఏ తరముల నిధియు లేకుండెను.

ఆ ఆర్థికమునకు లోపములు లేకపోలేదు. ప్రభుత్వాదాయమున సుమారు పదింట తొమ్మిది వంతులు ఆ ఒక్క నూనెనుండియే. స్వదేశీయులలో హెచ్చుమంది సర్కారు కొలువులలో నున్నారు; ఎండలో చేయు పని యంతయు పరదేశీయులదే. ఇంత చమురు గలిగియు 2024 జూన్ నెలలో విద్యుచ్ఛక్తి చాలక వంతులవారీగా దీపములార్పవలసి వచ్చెను. ఆ వార్త చదివినప్పుడు మన కాశీబుగ్గవారు కొంత ఓదార్పు పొందియుందురు!

అయినను కూడబెట్టు బుద్ధి మాత్రము మనము నేర్వవలసినది. పలాస-కాశీబుగ్గ 2011 జనాభా లెక్కల ప్రకారము 57 వేలమంది గల పట్టణము; కాని దాని జీడిపప్పు దేశమంతట ఎరిగినదే. ఇచ్చటి పంట చాలక ఆఫ్రికానుండి పిక్కలు తెప్పించి వందలకొలది కర్మాగారములలో పప్పు తీయుచున్నారు. ఆ పిక్కలు కొట్టి, తొక్క ఒలుచు స్త్రీల వ్రేళ్లను జీడినూనె తినివేయును. 2018 అక్టోబరు 11 వేకువన తిత్లీ తుఫాను ఒక్క పూటలో తాతలు నాటిన కొబ్బరి తోటలను, జీడి తోటలను నేలగూల్చెను. కొబ్బరి మొక్క కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. ఆ యేండ్లు రైతు ఏమి తినవలెను? పరిహారము వచ్చిన మేరకు వచ్చెను. చెట్టు పోయిన రైతు కొడుకు పాసుపోర్టునకు దరఖాస్తు పెట్టెను. మంచి యేటి వర్తకమునుండి కొంత వంతు తీసి, చెడ్డ యేటికి తోటల పునర్నిర్మాణ నిధిగా దాచుటకు చమురు బావులు అక్కరలేదు. మూలపేట రేవునకు 2023 ఏప్రిలులో శంకుస్థాపన జరిగినది. రేవు ఆదాయములో ఏ వంతు ఈ తీరమునకు చెందునో ఆ లెక్కను ఓడలు రాకముందే వ్రాయించుకొనుట మేలు.

ఇక పాలన. కువైటునకు సబా వంశపు అమీరు ప్రభువు. 1961 జూన్ 19న స్వతంత్రమై, 1962లో రాజ్యాంగమును వ్రాసికొని, 50 మంది సభ్యులను ఎన్నుకొను శాసనసభను ఏర్పరచుకొన్నది. గల్ఫు రాజ్యములలో ఇంతగా నోరున్న సభ వేరొకటి లేదని పేరు. స్త్రీలకు ఓటు 2005లో వచ్చెను. ఆ సభ 1976లోను, 1986లోను మూతపడి మరల తెరువబడెను. 2024 మే 10న అమీరు దానిని రద్దుచేసి, నాలుగేండ్లకు మించని కాలమునకు రాజ్యాంగమున కొన్ని ప్రకరణములను నిలిపివేసెను. నగరపాలనకు 1930 నుండియే మునిసిపాలిటీ కలదు. దాని సభలో 16 మంది, అందు 10 మంది ఎన్నికైనవారు, ఆరుగురు నియమింపబడినవారు. దేశమున నివసించు జనములో సుమారు రెండు వంతులు పరదేశీయులు. భారతీయులే పది లక్షల సమీపమున నున్నారు. ఎన్నికలున్ననాడును లేనినాడును వీరికి ఓటు లేదు. పరదేశికి ఓటు లేకుండుట మన దేశమునందును ఆచారమే. దానిని మేము తప్పు పట్టము. కాని ఆ కూలివాని వీసా యజమాని చేతిలో నుండును. 2025 జూలై 1 నుండి ప్రైవేటు కొలువులలోని పరదేశి ఆ దేశము విడిచి పోవుటకే యజమాని అనుమతి కావలసి వచ్చెను. 1940లో మందస జమీందారీ రైతులు అడవి కట్టెల హక్కునకై పోరాడిరి. ఆ పోరులో గున్నమ్మ తుపాకి గుండ్లకు నేలకొరిగెను. ఆ యేడాదియే పలాసలో అఖిల భారత కిసాన్ సభ సమావేశమయ్యెను. ఆ రైతుల మనుమలు నేడు తల్లి చావునకు ఊరు రావలెనన్న ఒక మేస్త్రీ సంతకమునకై నిలువవలసి యున్నది.

నగర నిర్మాణమందును ఇదే భేదము. 1952లో ఆంగ్ల నిర్మాతలు గీసిన నమూనా ప్రకారము పాత మట్టిగోడను 1957లో పడగొట్టి, ద్వారములను మాత్రము నిలిపి, చుట్టు వలయములుగా రాజమార్గములు వేసి, స్వదేశీయులకు బడి, మసీదు, అంగడి గల పేటలు కట్టిరి. మన కూలివాడు ఆ పేటలలో ఉండడు. కుటుంబము లేక ఒంటరిగా నుండువానిని అచ్చట బ్రహ్మచారి యందురు. మందసలో భార్యయు ముగ్గురు బిడ్డలును గలవాడైనను అచ్చట వాడు బ్రహ్మచారియే! వాని వసతి దూరపు పేటలలో, గదికి పలువురుగా. 2024 జూన్ 12 వేకువన మంగాఫ్ అను పేటలో అట్టి కూలీల మేడ అంటుకొనెను. కూలీలు నిద్రలో నుండిరి. పొగలో ఊపిరాడక చనిపోయినవారే హెచ్చు. మేడమీదికి పోవు తలుపు మూసియున్నదని, గదుల నడుమ అడ్డుగా పెట్టిన పలకలు సులభముగా మండునవని వార్తలు వచ్చెను. రెండు దినములకు 45 మంది భారతీయుల శవములను మన వాయుసేన విమానము కొచ్చికి తెచ్చెను. అందు ముగ్గురు ఆంధ్రప్రదేశమువారు; ఒకడు ఉద్దానపు బిడ్డ. ఆ నగరమున ఎండకాలము మూడు నెలలు పగలు 11 గంటలనుండి 4 గంటల వరకు బయటి పని నిషేధించిన చట్టము కలదు. అది మంచి చట్టము. ఎండనుండి కాపాడిన చేయి రాత్రి తలుపు తాళమునుండి కాపాడలేదు.

అచ్చటి చట్టమును మనము మార్చలేము. ఇచ్చటి చట్టము మన చేతిలోనిదే. 1983 నాటి వలసల చట్టము ప్రకారము పదవ తరగతి నెగ్గనివాడు కువైటు మొదలగు దేశములకు కూలికి పోవుటకు ప్రభుత్వానుమతి పొందవలెను. ఏజెంటు రిజిస్టరయినవాడై యుండవలెను; వాడు తీసికొనదగిన రుసుము 30,000 రూపాయలును, దానిపై పన్నును మాత్రమే. ప్రయాణమునకు ముందు 275 రూపాయలు కట్టినచో రెండేండ్లపాటు, ప్రమాదమున మరణించినవాని కుటుంబమునకు 10 లక్షల రూపాయలు వచ్చు భీమా కలదు. ఈ మూడు సంగతులు తెలిసిన తండ్రులు ఎందరు? తెలియని తండ్రి లక్షలలో అప్పుచేసి, రసీదు లేక చేతిలో పోయుచున్నాడు. యాత్రికుల వీసాపై పోయి పనిలో చేరినవానికి పై చట్టమున ఏ రక్షణయు లేదు. అట్టివారు 2018లోను 2024లోను కువైటు ప్రభుత్వము ప్రకటించిన క్షమాభిక్షలకై కాచుకొని ఇంటిదారి పట్టిరి.

పలాస 2022లో రెవెన్యూ డివిజను కేంద్రమయ్యెను. టెక్కలి అంతకు పూర్వమునుండియే అట్టి కేంద్రము. ఈ రెండు కచేరీలలో వలసపోవువారి కొరకు ఒక గుమాస్తాను కూర్చుండబెట్టి, ఒప్పందపు కాగితమును తెలుగులో చదివి వినిపించి, ఏజెంటు పేరు విదేశాంగశాఖవారి జాబితాలో గలదో లేదో చూచి చెప్పు ఏర్పాటు చేయవలెనని మేము కోరుచున్నాము. దీనికి క్రొత్త శాసన మక్కరలేదు. అంతవరకు గ్రంథాలయ కార్యకర్తలు ఆ జాబితాను తెప్పించి, రుసుము, భీమా వివరములతోకూడ వార్తాపత్రికల బల్లప్రక్క గోడకు అంటించవచ్చును. పై అధికారుల ఉత్తరువునకై వేచియుండనక్కరలేదు.