సూది టైముకు, బువ్వ ఎవరి టైముకు?

దవాఖానలో ఇన్సులిన్ రాసిచ్చే ప్రతి డాక్టరు చెప్పే మాట ఒకటే. టైముకు సూది వేసుకో, టైముకు తిను. మాట మంచిదే. కానీ మేము అడుగుతున్నాం, ఎవరి టైముకు? బోధన్ పక్క ఊళ్ళలో నాటు వేసే అక్క టైము ఆమె చేతిలో ఉన్నదా? గుత్తకు ఒప్పుకున్న మడి పొద్దుమూకేలోపు పూర్తి కావాలంటే నడుమ బువ్వకు లేచేదెప్పుడు? నిజామాబాద్‌లో బీడీలు చేసే చెల్లె చాట ముందల నుంచి లేస్తే వెయ్యి పూర్తికాదు, వెయ్యి పూర్తికాకపోతే కూలి రాదు. హమాలీకి లారీ వచ్చినప్పుడే పని. లారీ మన బువ్వ టైము చూసి రాదు. సూదికి మాత్రం ఇవేవీ తెలియవు. పొద్దుగాల ఒంట్లోకి పోయిన ఇన్సులిన్ నువ్వు తిన్నవా, పస్తున్నవా అని అడగదు. నెత్తురులో ఉన్న చక్కెరను తోడేస్తూనే ఉంటది.

ఇన్సులిన్‌తో వచ్చే ఇబ్బందులలో అన్నిటికంటే పెద్దది ఇదే. షుగర్ డౌన్ కావడం. షుగర్ పెరిగితే ఏమవుతుందో మనవాళ్ళకు ఇప్పుడు బాగానే తెలుసు. కాలు పుండు పడుతుంది, కన్ను పోతుంది, కిడ్నీ పోతుంది అని చెప్పుకుంటున్నారు. కానీ పెరిగిన షుగర్ ఏండ్లకేండ్లు తీసుకుని చేసే నష్టాన్ని, పడిపోయిన షుగర్ ఒక్క మధ్యాహ్నంలో చేయగలదు. మిషన్‌లో 70 కన్నా తక్కువ వచ్చిందంటే డౌన్ అయినట్టే. 54 కన్నా తగ్గితే మెదడుకు తిండి అందదు. మాట తడబడుతుంది, తెలివి తప్పుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు.

ఏ మందు ఎప్పుడు గట్టిగా పనిచేస్తుందో వేసుకునే మనిషికి తెలిసి తీరాలి. నీళ్ళలాగా తేటగా ఉండే మామూలు ఇన్సులిన్ అరగంటకు మొదలై రెండు నుంచి నాలుగు గంటల మధ్య జోరు మీద ఉంటుంది. పాలలాగా తెల్లగా ఉండే మందు నాలుగు గంటల నుంచి పది గంటల దాకా లాగుతుంది. సర్కారు దవాఖానల్లో మన పేదోళ్ళకు ఎక్కువగా ఇచ్చేది ఈ రెండూ కలిపిన 30/70 మందు. అంటే పొద్దున ఏడింటికి వేసుకున్న సూది మిట్టమధ్యాహ్నం మడిలో ఉన్నప్పుడు పట్టుకుంటుంది. రాత్రి వేసుకున్నది నడిజాము దాటినంక, ఇల్లంతా నిద్రపోయినప్పుడు పట్టుకుంటుంది. దీనికి తోడు ఒళ్ళొంచి చేసే పని. పనిచేసే కండ తనంతట తానే నెత్తురులోంచి చక్కెరను లాక్కుంటుంది, ఆ లాగుడు పని అయిపోయినా గంటలకొద్దీ సాగుతుంది. అందుకే చెరుకు కొట్టిన రోజు, మూటలు మోసిన రోజు, ఆ రాత్రి చాలా ప్రమాదం. తొడకు సూది వేసుకుని వెంటనే పనిలోకి దిగితే మందు ఇంకా తొందరగా పారుతుంది.

డాక్టరు సాబ్ ఏం తింటున్నవ్ అని అడుగుతారు. ఏం పని చేస్తున్నవ్ అని అడిగినవాళ్ళను మేము తక్కువ చూసినం. నాట్ల రోజు డోసు, పని దొరక్క ఇంట్లో కూసున్న రోజు డోసు ఒకటే ఎట్లయితది? కుర్చీలో కూచునే మనిషిని మనసులో పెట్టుకుని రాసిన చీటీ అది. మనమే నోరు తెరిచి అడగాలె. సారూ, పనికి పోయే రోజు ఎన్ని యూనిట్లు, పోని రోజు ఎన్ని, బువ్వ ఆలస్యమైతే ఏం చెయ్యాలె, రెండూ చీటీ మీద రాసియ్యుండ్రి అని. విసుక్కుంటే విసుక్కోనీ.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. షుగర్ డౌన్ అయిన మనిషి ఎట్లా కనిపిస్తాడు? చెమటలు కారుతయి, చేతులు వణుకుతయి, గుండె దడదడ కొట్టుకుంటది, ఆకలి మండుతది. కాళ్ళు తూలుతయి, మాట ముద్దగా వస్తది, అడ్డదిడ్డం మాట్లాడతడు, ఒక్కోసారి ఊరికే కోపానికొస్తడు. చూసేవాడికి ఏమనిపిస్తుంది? తాగిండు అనిపిస్తుంది. అదే ఆఫీసులో పెద్దసారు ఇట్లా తూలితే నలుగురూ పరుగెత్తి, సారుకు షుగర్ తగ్గినట్టుంది, చక్కెర నీళ్ళు తెండి అంటారు. మన వాడ మనిషి రోడ్డు పక్క పడితే, పొద్దుగాల్నే ఎక్కించిండు అని పక్కనుంచి పోతారు. మా దగ్గరి పల్లెలో ఒకాయన పొలం గట్టున ఇట్లాగే పడ్డాడు. ఆయన జన్మలో కల్లు ముట్టలేదు. ఆసామి కొడుకు వచ్చి కాలితో కదిపి చూసి, లేస్తే కూలి కోస్తా అని చెప్పమని పోయిండట. బడి నుంచి వస్తున్న పిల్లలు ఆయన జేబులో సూది మందు చీటీ చూసి పరుగు తీయబట్టి మనిషి దక్కిండు. ఒంటికి పట్టిన రోగం ఒక్కటే, కులాన్ని బట్టి దాని పేరు మారుతున్నది. ఇది మాకు మింగుడుపడదు.

కల్లు మాటా చెప్పాలె, దాచిపెట్టి లాభం లేదు. ఏ మద్యమైనా ఖాళీ కడుపున పడితే, కాలేయం కొత్తగా చక్కెరను తయారుచేసి నెత్తురులోకి వదలకుండా అడ్డుపడుతుంది. సూది వేసుకుని తినకుండా తాగినవాడికి తెల్లారేసరికి షుగర్ పూర్తిగా పడిపోవచ్చు. పైగా మన జిల్లాలో డైజోఫాం, ఆల్ప్రాజోలం కలిపిన కల్లు అమ్మిన కేసులు ఎన్నో బయటపడ్డాయి. ఆ మత్తులో వణుకూ తెలియదు, చెమటా తెలియదు, పక్కవాళ్ళకు తేడా అసలే తెలియదు. అందుకే సంగం కార్యకర్తలకు మా మాట: పడిపోయిన మనిషి తాగినా తాగకున్నా, సూది మందు మనిషైతే ముందు షుగర్ సంగతి చూడండి, తిట్టేది తర్వాత తిట్టండి.

చేయాల్సింది ఇంత. మనిషి తెలివిలో ఉండి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించాలి. గ్లూకోజ్ పొడి ఉంటే మరీ మంచిది. అర గ్లాసు చెరుకు రసమైనా సరే. పావుగంట ఆగి చూడాలి, తేరుకోకపోతే మళ్ళీ అంతే ఇవ్వాలి. తేరుకున్నాక బువ్వో రొట్టో తప్పకుండా తినిపించాలి, లేకుంటే గంటలో మళ్ళీ పడిపోతాడు. వోగ్లిబోస్ గోలీ వాడేవాళ్ళకు చక్కెర తొందరగా ఎక్కదు, వాళ్ళ దగ్గర గ్లూకోజ్ పొడే ఉండాలి. తెలివి తప్పినవాడి నోట్లో మాత్రం ఏమీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పండబెట్టి 108కి ఫోన్ చేసి, ఇన్సులిన్ వేసుకునే మనిషి అని మొదటి మాటగానే చెప్పాలి. నరంలోకి గ్లూకోజ్ ఎక్కిస్తే చాలావరకు నిమిషాల్లో కళ్ళు తెరుస్తారు. గ్లిబెంక్లమైడ్, గ్లిమెపిరైడ్ లాంటి గోలీలు కూడా వేసుకునేవాళ్ళు లేచి కూచున్నా సరే దవాఖానకు పోవాలి, ఆ గోలీల జోరు చాలాసేపు ఉంటుంది.

మూడు చెంచాల చక్కెర! 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టి ఊరికే శక్కర్‌నగర్ అని పేరు పెట్టుకున్న గడ్డ ఇది. ఆసియాలోనే పెద్ద ఫ్యాక్టరీ అని చెప్పుకున్నారు. ఆ చెరుకు నాటింది, కొట్టింది, బండ్లకు ఎత్తింది ఎవరు? 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. లోకానికి చక్కెర పంచిన చేతులవాళ్ళు కొంగున ఇంత చక్కెర మూట లేక గట్ల మీద పడిపోవడం ఏం న్యాయం? సూది వేసుకునే ప్రతి మనిషి రుమాల్లో, కొంగున, సైకిల్ సంచిలో చక్కెర పొట్లం ఉండాలి. రోగమే చక్కెరది, మళ్ళీ చక్కెర మూటేంది అని నవ్వేవాళ్ళుంటారు. నవ్వనియ్యండి.

ఇంత చెప్పినమని సూది మానేయడానికి సాకు దొరికిందనుకోవద్దు. ఒకసారి షుగర్ డౌన్ అయి భయపడ్డవాళ్ళు సూది పక్కకు పెట్టి పసరు మందుకు పోతున్నారు. చిన్నప్పుడే ఈ రోగం వచ్చిన పిల్లలకు సూది ఆపితే రోజుల్లోనే ప్రాణం పోతుంది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఈ మందును కనిపెట్టకముందు అట్లాంటి పిల్లలు బతికే దారే లేదు. 1922 జనవరిలో మొదటి సూది పడింది లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏండ్ల పిల్లవాడికి. కనిపెట్టినవాళ్ళు హక్కులను తలా ఒక్క డాలరుకు యూనివర్సిటీకి రాసిచ్చారు. అంత ధర్మంగా పుట్టిన మందు ఇది. మన బాబాసాహెబ్‌ను కూడా మధుమేహం పట్టి పీడించింది. 1948 ఏప్రిల్ 15న ఆయన పెళ్ళాడిన సవితా అంబేద్కర్ స్వయంగా డాక్టరు, ఆయన మందులూ తిండీ ఆమె చూసుకున్నారు. ఇంట్లో డాక్టరు ఉన్నా ఆయనకు అంత కష్టమైతే, ఇంట్లో మిషన్ కూడా లేని మనవాళ్ళ సంగతి ఆలోచించండి.

డోసు ఎందుకు తప్పుతుందో మరికొన్ని సంగతులున్నాయి, ఇవి ఎవరూ విప్పి చెప్పరు. మన దగ్గర సీసా మందు మిల్లీలీటరుకు 40 యూనిట్లు, దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నులో వేసే మందు 100 యూనిట్లు. పెన్ను మందును ఎర్ర మూత సిరంజితో లాగితే రెండున్నర రెట్లు ఒంట్లోకి పోతుంది. మందుల షాపు అబ్బాయి ఏది ఇస్తే అది తీసుకోకుండా సీసా మీది 40నూ సిరంజి మీది 40నూ కలిపి చూసుకోవాలి. చదువు రాకపోతే బడికి పోయే పిల్లతో చదివించుకోవాలి.

రోజూ ఒకేచోట పొడుచుకుంటే అక్కడ గడ్డ కడుతుంది. నొప్పి ఉండదని మళ్ళీ అక్కడే పొడుస్తారు. గడ్డలోంచి మందు సరిగ్గా ఎక్కదు, షుగర్ పెరుగుతుంది, డాక్టరు డోసు పెంచుతాడు. ఒకరోజు గడ్డ లేని చోట పొడిస్తే పెంచిన డోసంతా ఒక్కసారే పారి మనిషి పడిపోతాడు. ఎండతో కూడా ఇదే గోస. మన ఎండలు 45 డిగ్రీల దాకా పోతాయి, రేకుల ఇంట్లో సీసా పెడితే మందు బలం చచ్చిపోతుంది, డోసు పెరుగుతుంది, తర్వాత కొత్త సీసా తెరవగానే దెబ్బ తగులుతుంది. ఫ్రిజ్ లేదని బాధ వద్దు. రెండు కుండల నడుమ తడి ఇసుక పోసి, సీసాను నీళ్ళు చొరని డబ్బాలో పెట్టి లోపలి కుండలో ఉంచితే చాలావరకు కాపాడుకోవచ్చు. ఐసు మీద పెట్టొద్దు, గడ్డకట్టిన మందు పనికిరాదు. తెరిచిన సీసాను నాలుగు వారాలు దాటి వాడొద్దు. ఇంకొకటి, పాత రోగులకు ఉన్నట్టుండి షుగర్ తగ్గుతూ వస్తే రోగం కుదిరిందని సంబరపడొద్దు. కిడ్నీ దెబ్బతిన్నప్పుడు ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచి అట్లా అవుతుంది. వెంటనే పరీక్ష చేయించాలి.

మేము బడిపంతుళ్ళం గనుక పిల్లల మాట విడిచిపెట్టలేం. సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో సూది వేసుకునే పిల్లలుంటారు. రాత్రి అన్నం తొందరగా పెట్టి, పొద్దున టిఫిను ఆలస్యమైతే ఆ నడుమ ఆ పిల్ల ఏం కావాలె? క్లాసులో చెమట పట్టి తల వాల్చిన పిల్లను నిద్రమొద్దు అని బెంచీ ఎక్కించే సార్లున్నారు. వార్డెన్ దగ్గర, పి.ఇ.టి. దగ్గర, క్లాసు టీచరు దగ్గర గ్లూకోజ్ ఉండాలి, ఆ పిల్ల ఎప్పుడడిగినా తిననివ్వాలి. ఆటల పీరియడ్‌కు ముందు ఇంత తినిపించాలి.

ఇది దయ అడగడం కాదు, హక్కు అడగడం. 2005 ఉపాధి హామీ చట్టం పనిచోట తాగునీళ్ళు, నీడ, ఫస్ట్‌ఎయిడ్ పెట్టె ఉండాలని రాసిపెట్టింది. ఏ పనిచోటైనా ఆ పెట్టెలో ఒక గ్లూకోజ్ ప్యాకెట్ పడితే ఎవరి సొమ్మూ పోదు. సూది రాసిచ్చిన దవాఖానే సరైన సిరంజీ, షుగర్ చూసే మిషన్, స్ట్రిప్పులు ఇవ్వాలి. చేతికి సూది ఇచ్చి, చూసుకునే మిషన్ ఇవ్వకపోవడం కండ్లకు గంతలు కట్టి బండి తోలమన్నట్టుంది. ఆసాములతో గుత్త మాట్లాడేటప్పుడే బువ్వ టైము కూడా మాట్లాడుకోవాలి. వచ్చే పదిహేను రోజుల్లో ప్రతి ఊరి సంగం తమ వాడలో సూది వేసుకునేవాళ్ళు ఎందరు, వాళ్ళలో ఎందరి దగ్గర మిషన్ ఉన్నది, సబ్‌సెంటర్‌లో స్ట్రిప్పులున్నాయా లేవా రాసి పంపాలి. ఆ కాగితాలన్నీ కలిపి సోమవారం ప్రజావాణిలో కలెక్టర్ ముందల పెడదాం.