తాళంచెవుల గుత్తి

అమెరికాలో న్యూరోసైన్సు డిగ్రీ పుచ్చుకుని మా మేనకోడలు సెలవులకు వచ్చింది. నాలుగేళ్లు మెదడు శాస్త్రం చదివిన పిల్ల, ఇప్పుడు వైద్యం చదువుతానంటుంది. అక్కడ డిగ్రీ అయ్యాకనే వైద్య కళాశాల. నాలుగేళ్లు చదువు, ఆపైన మూడు నుంచి ఏడేళ్లు ఆసుపత్రిలో శిక్షణ. "మరి పెళ్లెప్పుడే?" అన్నాను. నవ్వి ఊరుకుంది.

ఆ సాయంత్రమే మా పనిమనిషి కూతురు పెరట్లో మూర్ఛ వచ్చి పడిపోయింది. నేను తాళంచెవుల గుత్తికోసం పరుగెత్తాను. ఇనుము చేతిలో పెడితే తగ్గుతుందని మా అమ్మ చెప్పేది మరి!

"తాళాలెందుకత్తయ్యా!" అంటూ మేనకోడలు ఆ పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టి, తలకింద తువ్వాలు పెట్టి, గడియారం చూస్తూ కూచుంది. నోట్లో ఏమీ పెట్టరాదట. కాళ్లూ చేతులూ అదిమి పట్టరాదట. అయిదు నిమిషాలు దాటితే మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలట. రెండు నిమిషాలకే తగ్గింది.

విచారిస్తే, ఆ పిల్ల మొన్నటిదాకా మాత్రలు వాడుతూనే ఉందట. సంబంధాలు చూస్తున్నారు కదా, సీసా ఎవరి కంటైనా పడుతుందేమోనని తల్లి మాన్పించింది.

రాత్రి భోజనాలయ్యాక మేనకోడలే మాట ఎత్తింది. "మూర్ఛకు ఫినోబార్బిటాల్ పనిచేస్తుందని 1912లోనే తెలిసిందత్తయ్యా. చవక మందు. లోకంలో సుమారు 5 కోట్లమందికి ఈ జబ్బుంది. సరిగా చికిత్స అందితే నూటికి 70 మందిదాకా మూర్ఛలు లేకుండా బతకవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాని బీద దేశాల్లో నూటికి 75 మందికి ఆ చికిత్సే అందటం లేదు. మెదడు ఎలా పనిచేస్తుందో చదువుకున్నాను. మాత్ర మనిషి నోటిదాకా ఎలా చేరాలో ఇంకా నేర్చుకోవాలి. కొత్తది కనిపెట్టాలంటే యంత్రమే కానక్కర్లేదు. మందు మానకుండా చూసే ఉపాయం కూడా కొత్తదే."

నాకు మరి మాట తోచలేదు.

మర్నాడు తల్లినీ కూతుర్నీ డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాం. తిరిగి వస్తూ తల్లికి ఒక సంగతి చెప్పాను. పదేపదే మూర్ఛలు వచ్చేవారు పెళ్లికి తగరన్న మాటను హిందూ వివాహ చట్టంలోంచి 1999లోనే తీసేశారు. "చట్టం సరేనమ్మగారూ, ఇరుగుపొరుగు నోళ్లో?" అంది. ఆ నోళ్లలో నాదీ ఒకటి కాదూ?

మేనకోడలు వెళ్లిపోయింది. మాత్రల సీసా ఇప్పుడు మా వంటింటి అలమారలో ఉంటోంది. రోజూ రాత్రి పని ముగించుకుని, ఆ పిల్ల నా ఎదుటే మాత్ర వేసుకుని ఇంటికి వెళుతుంది. తాళంచెవుల గుత్తి మాత్రం మళ్లీ మేకుకే వేలాడుతోంది.