పాట నేర్పినవారి పేర్లు

సంపాదకులకు,

మూడు తరాలుగా ఒడిశాలోని ఖుర్దారోడ్డులో స్థిరపడిన తెలుగు కుటుంబంవాడను. మెట్రిక్‌ చదివి, రైల్వే ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనాను. తమ పత్రికలో కొద్ది చోటు దయచేయ ప్రార్థన.

అమెరికా పల్లెపాటల గాయకుడు జిమ్మీ రోజర్స్‌ పేరు మనలో చాలామంది విని ఉండరు. ఆయన కూడా రైల్వేవాడే. 1897లో పుట్టి, మిసిసిపీ రాష్ట్రంలోని మెరిడియన్‌ ప్రాంతంలో పెరిగాడు. తండ్రి రైలుకట్ట మీద గ్యాంగు మేస్త్రీ. తల్లి చిన్ననాడే పోయింది. కుర్రవాడు తండ్రి వెంట వెళ్లి గ్యాంగుకూలీలకు మంచినీళ్లు అందించేవాడు. ఆ కూలీలు నీగ్రోలని నాడు పిలువబడిన నల్లజాతివారు. పట్టాలు జరుపుతూ వారు పాడుకొనే పాటలు అతని చెవిని పడ్డాయి. పెద్దయి బ్రేక్‌మన్‌ పనిలో చేరాడు. 1924లో క్షయ అని తేలింది. రైలుపనికి ఒళ్లు సహకరించక పాటనే నమ్ముకొన్నాడు.

1927 ఆగస్టులో బ్రిస్టల్‌ పట్టణంలో విక్టర్‌ కంపెనీవారు తొలిసారి ఆయన పాట రికార్డు చేశారు. గొంతును ఒక్కసారిగా పైకెత్తి విరిచే ‘బ్లూ యోడెల్‌’ పాటలతో దేశమంతా పేరు వచ్చింది. ఆరేండ్లు నిండకుండానే నూరు పాటలకు పైగా ఇచ్చాడు. 1933 మే నెలలో న్యూయార్కులో, స్టూడియోలో మంచం వేయించుకొని, పాటకూ పాటకూ మధ్య పడుకొని లేచి పాడాడు. ఆ నెల 26న కన్నుమూశాడు. వయస్సు 35. 1961లో ఆ సంగీతానికి కీర్తిమందిరం ఏర్పడినప్పుడు మొదట ఎన్నుకొన్న ముగ్గురిలో ఆయన ఒకడు.

ఆ గౌరవం ఆయనకు తగినదే. కాని నీళ్లు తాగి పాట నేర్పిన ఆ కూలీల పేర్లేవి? 1930లో ఆయన పాడిన ఒక పాటకు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ అంతటివాడు బాకా ఊదితే, రికార్డు మీద ఆయన పేరే వేయలేదు. ఇక కూలీల పేర్లు ఎవరు రాస్తారు? ఇది జిమ్మీ ఒక్కడి తప్పు అనను. రాయవలసినవారు రాయలేదు.

పరాయిదేశపు ముచ్చట మనకెందుకని కొందరనవచ్చు. మా తండ్రిగారు గ్యాంగుమన్‌. గునపాలతో పట్టా ఎత్తేటప్పుడు ఒకరు పాట అందుకొంటే మిగతావారు ‘హైలెస్సా’ అనేవారు. అందుకొనేది మా తండ్రిగారే. బడి లేని రోజున అన్నం క్యారేజీ పట్టుకొని వెళ్లి, కట్ట పక్కన కూర్చొని వినేవాడిని. తరువాత యంత్రాలు వచ్చాయి, కట్ట మీద పాట పోయింది. ఆఫీసులో నేను వేలాది పేర్లు హాజరుపట్టీలలో, జీతాల బిల్లులలో తప్పు లేకుండా రాశాను. మా తండ్రిగారి పాట ఒక్క చరణమైనా రాసుకోలేదు. ఆయన పోయి చాలా ఏండ్లయింది. రాగం జ్ఞాపకమున్నది, మాటలు రావడం లేదు. జిమ్మీ కథ చదివిననాటి నుంచి ఈ బాధ నన్ను విడువలేదు.

కాబట్టి ఖుర్దారోడ్డు, బరంపురం, షోలాపూరు, బళ్లారి, హోసూరు, యానాం మొదలైన చోట్ల ఉన్న మనవారికి నా మనవి. ఇంట్లో పెద్దలుంటే వారి దంపుడు పాటో, నాట్ల పాటో, కట్టమీది పాటో ఈ ఆదివారమే అడిగి పాడించండి. మనవడి చేతిలోని ఫోను చాలు. పిల్లలకు తెలుగు రాయరాకపోతే ఒడియాలోనో, కన్నడంలోనో, అరవంలోనో రాయనివ్వండి. మాట తెలుగే కదా! అయితే ముందు పాడినవారి పేరు, ఎవరి వద్ద నేర్చారో వారి పేరు రాసి, తరువాతనే పాట రాయండి.

వారానికొక్క పాటకు తమ పత్రికలో చోటివ్వవలసిందిగా మనవి.

ఇట్లు, భవదీయుడు,
ఒక రిటైర్డు రైల్వే గుమాస్తా,
ఖుర్దారోడ్డు.