సూత్రధారుని పాత్రసృష్టి

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల కల్పనగా అమెరికాలో 1974లో వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' క్రీడలో ఆటగాడు సాధారణముగా ఒక్క పాత్రనే ధరించును. సత్రపు యజమాని, కావలివాడు, శత్రువు మొదలగు శేషపాత్రలన్నిటికి ప్రాణము పోయువాడు 'డంజన్ మాస్టర్' అను సూత్రధారి.

అట్టి పాత్రకు నామరూపములు మాత్రమే చాలవు. కామన, భయము, స్వభావము ఉండవలెను. దారి చూపుటకే పుట్టిన కావలివాడు బొమ్మ. రోగగ్రస్తయైన కుమార్తె చికిత్సకై లంచము గ్రహించువాడు మనిషి. అతనిని దండించుటయా, క్షమించుటయా అను ధర్మసంశయము అప్పుడే ఆటగాండ్రకు కలుగును.

అయితే సృష్టికర్తకు తన పాత్రపై మమకారము తగదు. దానిని గెలిపించుటకై పాచికల ఫలితమును మరుగుపరచినచో ఆటగాండ్ర నిర్ణయములన్నియు వ్యర్థములగును. అన్ని పాత్రలలో తానే పలుకుచు, దేనియందును 'నేను' అను అభిమానము నిలుపనివాడే ఉత్తమ సూత్రధారి. సాక్షిభావమునకు ఇదియు ఒక చిన్న అభ్యాసమే.