మందు కొట్టే చెయ్యి

పత్తి పూత మీదికి వచ్చిందంటే గరికపాడు, జగ్గయ్యపేట, నందిగామ మెట్ట చేలల్లో పొద్దున్నే పంపుల మోత మొదలవుతుంది. మిరప తోటల్లో సంక్రాంతి దాటినా ఆగదు. 2021లో నల్ల తామరపురుగు తెలుగు రాష్ట్రాల మిరపను ఊడ్చేసినప్పుడు, ఏ మందు చెబితే ఆ మందు తెచ్చి కొట్టారు రైతులు. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, ఎసిఫేట్... షాపు అరల్లో దశాబ్దాలుగా కనిపిస్తూ వచ్చిన ఈ మందులన్నీ ఆర్గానోఫాస్ఫరస్ కుటుంబానివే.

ఆ కుటుంబం మొత్తాన్ని తప్పుపట్టలేం. మంట త్వరగా అంటుకోకుండా ప్లాస్టిక్కుల్లో కలిపేవి అందులో ఉన్నాయి. హైదరాబాద్ అణు ఇంధన సముదాయంలో యురేనియం శుద్ధికి వాడే ట్రైబ్యూటైల్ ఫాస్ఫేటూ అందులోదే. కానీ 1936లో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ పురుగుమందు కోసం వెతుకుతుంటే బయటపడింది టాబున్ అనే విషవాయువు. పురుగును చంపే గుణమూ మనిషిని చంపే గుణమూ ఈ మందుల్లో ఒక్కటే. నరం పంపిన సంకేతాన్ని, పని కాగానే ఆపేసే ఎంజైము ఒకటి ఉంది. మందు దాన్ని పట్టేస్తుంది. పచ్చదోమలోనూ, మందు కొట్టే కూలిలోనూ ఉన్నది ఆ ఎంజైమే.

ముప్పు ఎక్కువగా డబ్బా మూత తీసే క్షణంలో ఉంటుంది. నీళ్లు కలపని చిక్కటి మందును మూతతో కొలుస్తుంటే వేళ్ల మీద ఒలుకుతుంది. వీపున పంపు కారి చొక్కా తడుస్తుంది. ఆ తడి చొక్కాతోనే గట్టు మీద అన్నం తింటారు. చర్మం గుండా కూడా మందు ఒంట్లోకి పోతుందన్న సంగతి చాలామందికి ఎవరూ చెప్పలేదు. చెమటలు, వాంతులు, నోట నురగ, మసక చూపు మొదలైతే ఎండదెబ్బేమోనని మజ్జిగ తాగించి పడుకోబెడతారు. అక్కడే ప్రాణం మీదికి వస్తుంది. కంటిపాప సూదిమొనంత చిన్నదైతే అది మందు పనే. వెంటనే బట్టలు విప్పేసి, సబ్బుతో ఒళ్లు కడిగి, డబ్బా వెంట తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి. అట్రోపిన్ ప్రాణం నిలుపుతుంది. ఎంజైమును విడిపించే పామ్ ఇంజెక్షన్ మాత్రం ఆలస్యమైన కొద్దీ పనిచేయడం తగ్గుతుంది, ఎందుకంటే పురుగుమందు పట్టు గంటలు గడిచేకొద్దీ విడదీయలేనంతగా బిగుస్తుంది.

కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడకాన్ని 2005లోనే నిషేధించారు. 2013లో బీహార్‌లో బడి భోజనంలో అదే మందు కలిసి 23 మంది పిల్లలు చనిపోయారు. 36 శాతం ద్రావణాన్ని పూర్తిగా ఆపే ఉత్తర్వు 2023లో గానీ రాలేదు. ఆ పదేళ్ల ఆలస్యానికి ఏ సమర్థనా చాలదు.

డబ్బా మీది ఎర్ర త్రికోణం అత్యంత విషమని చెబుతుంది. ఆ డబ్బాను షాపులో కొనేది రైతు, చేలో మూత తీసేది కూలి. నీళ్లు మోసి అందించే ఆడకూలీలకు ఆ హెచ్చరిక ఎన్నడూ చేరదు. గరికపాడులోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. ఏ పురుగుకు మందు అవసరం, ఎప్పుడు అవసరం లేదు అన్నది షాపు కన్నా ముందు అక్కడ అడగండి. తప్పక కొట్టించాల్సి వస్తే, కూలి రేటు మాట్లాడుకునేటప్పుడే చేతితొడుగులు, సబ్బు, మార్చుకోవడానికి పొడి చొక్కా కూడా మీ ఖర్చుగా మాట్లాడండి.